ఎలుకకు మేలు.. మరి మనిషికో?

ఇంట్లో పెద్దవాళ్లు పేర్ల కోసం తడుముకుంటున్నా, వస్తువులు ఎక్కడ పెట్టారో మరచిపోతున్నా పిల్లల్లో దిగులు మొదలవుతుంది. అల్జీమర్స్ ఏమోనన్న భయం వెంటాడుతుంది. అలాంటప్పుడు 'మెదడుకు రక్షణ' అంటూ అమ్మే యాంటీఆక్సిడెంట్ మాత్రలు ఆశ పుట్టిస్తాయి. ఈ ఆశకు చాలావరకు మూలం ఎలుకల మీద జరిగిన ప్రయోగాలే.

ఒంట్లో శక్తి తయారయ్యేటప్పుడు ఫ్రీరాడికల్స్ పుడుతుంటాయి. తుప్పు ఇనుమును తినేసినట్టు ఇవి కణాలను దెబ్బతీస్తాయి. మెదడు బరువు ఒంటి బరువులో 2 శాతమే. కానీ మనం తీసుకునే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం అదే వాడుకుంటుంది. అందుకే ఫ్రీరాడికల్స్ తాకిడీ దానికి ఎక్కువే. అల్జీమర్స్ బాధితుల మెదడులో బీటా అమైలాయిడ్ ప్రొటీన్ ముద్దలతో పాటు ఈ దెబ్బల ఆనవాళ్లూ కనిపిస్తాయి.

ఎలుకలకు మనలా అల్జీమర్స్ రాదు. మనిషి జన్యువును చొప్పించి, వాటి మెదడులో అమైలాయిడ్ పేరుకునేలా చేస్తారు. 2001లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇలాంటి ఎలుకలకు పసుపులోని కర్‌క్యుమిన్‌ను మేతలో కలిపి పెట్టారు. తక్కువ మోతాదుతోనే అమైలాయిడ్ తగ్గింది. 2004లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు విటమిన్-ఇని పరీక్షించారు. ముద్దలు ఏర్పడకముందే, 5 నెలల వయసు నుంచి ఇస్తే అమైలాయిడ్ తగ్గింది. ముద్దలు ఏర్పడ్డాక, 14 నెలల వయసులో మొదలెడితే మాత్రం తగ్గలేదు. ఫ్రీరాడికల్స్ దాడి రెండింటిలోనూ తగ్గినా ఫలితం దక్కింది చిన్న ఎలుకలకే!

మరి మనుషుల్లో? మతిమరుపు అప్పుడప్పుడే మొదలైన 769 మందితో చేసిన అధ్యయనం ఫలితాలు 2005లో వెలువడ్డాయి. విటమిన్-ఇ తీసుకున్నవారికీ, ఉత్తుత్తి మాత్రలు మింగినవారికీ మూడేళ్ల తర్వాత తేడా కనబడలేదు. 7,500 మందికి పైగా పురుషులపై చేసిన మరో అధ్యయనం ఫలితం 2017లో వచ్చింది. విటమిన్-ఇ, సెలీనియం డిమెన్షియాను అడ్డుకోలేదని తేలింది. కర్‌క్యుమిన్ మాత్రలతో చేసిన చిన్న అధ్యయనంలోనూ ప్రయోజనం కనిపించలేదు. అది రక్తంలోకి సరిగా చేరకపోవటం ఒక చిక్కు. 2014 అధ్యయనంలో మాత్రం, అప్పటికే అల్జీమర్స్ ఉన్నవారికి పెద్ద మోతాదు విటమిన్-ఇ ఇస్తే రోజువారీ పనులు చేసుకునే శక్తి కాస్త నెమ్మదిగా తగ్గింది. జ్ఞాపకశక్తి మాత్రం మెరుగుపడలేదు.

'విటమినే కదా' అని సొంతంగా మింగటం మంచిది కాదు. రోజుకు 400 యూనిట్ల విటమిన్-ఇ తీసుకున్న పురుషుల్లో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా కనిపించినట్టు 2011లో బయటపడింది. రక్తాన్ని పలుచబరిచే మందులు వాడేవారికి రక్తస్రావం ముప్పూ పెరగొచ్చు.

మతిమరుపు కనిపిస్తే ముందు డాక్టర్‌కు చూపించాలి. బి12 లోపం, థైరాయిడ్ సమస్య, కుంగుబాటు వల్ల కూడా మతిమరుపు రావొచ్చు. వీటికి చికిత్స ఉంది. బీపీ, షుగర్‌లను అదుపులో పెట్టుకోవటం, పొగ మానటం, రోజూ నడవటం, వినికిడి తగ్గితే మిషన్ పెట్టుకోవటం మేలు. ఆకుకూరలు, పండ్లు, గుప్పెడు పల్లీలు తింటే యాంటీఆక్సిడెంట్లు ఎలాగూ అందుతాయి.