ఒక మీట... అయిదు పాత్రలు!

కొత్తచెరువులో ఓ కుర్రాడు ఆన్‌లైన్ ఆటలో అయిదు పాత్రల్ని పెంచుతున్నాడనుకుందాం. ఒకడు కత్తి పట్టే యోధుడు. ఒకామె గాయాలు మాన్పే పూజారిణి. ఇక మాంత్రికుడు, వేటగాడు, చీకట్లో పొంచి పొడిచే దొంగ. 'ఒకటి చాలదా, అయిదెందుకురా?' అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. ఆడేవాళ్లకి ఆ ప్రశ్నే రాదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ లాంటి ఆటలో వేటగాడు ఎదుటివాడి గాయం మాన్పలేడు, పూజారిణి యోధుడిలా దెబ్బలు కాచుకోలేదు. పైగా ఒక్కో పాత్ర నేర్చుకోగల ప్రధాన వృత్తులు రెండే. మూలికలు ఏరేది ఒకరైతే బట్టలు కుట్టేది మరొకరు. అందుకే ప్రతిదానికీ పరాయివాళ్లని బతిమాలే బదులు, సొంతంగా ఇంటినిండా మనుషుల్ని తయారుచేసుకుంటారు.

చిక్కంతా ఆ పెంచడంలోనే ఉంది. 2004 నవంబరులో ఈ ఆట మొదలైనప్పుడు పై మెట్టు 60. మొదటి పాత్ర అక్కడికి ఎక్కిందనుకోండి, రెండో పాత్ర మళ్లీ ఒకటో మెట్టు నుంచే బయల్దేరాలి. అవే అడవి పందులు, అవే తోడేళ్లు, అదే వరసలో అవే మీటలు. మూడో పాత్రకి వచ్చేసరికి సరదా పోయి కూలిపని మిగులుతుంది. మణికట్టు పీకుతుంది. సరిగ్గా అప్పుడే 'మాక్రో' అనే మాట తీపిగా వినపడుతుంది.

మాక్రో అంటే బ్రహ్మవిద్యేం కాదు. నాలుగు ఆజ్ఞల్ని ముందే రాసిపెట్టి ఒక మీటకి కట్టేయడం. కొత్తచెరువుకి దగ్గర్లోనే ధర్మవరం. అక్కడి పట్టు మగ్గాల మీద జకార్డు అట్టలు చూసినవాళ్లకి ఇంతకన్నా వివరించక్కర్లేదు. ఏ పోగు లేవాలో, ఏది లేవకూడదో ఆ అట్టల్లో చిల్లుల రూపంలో ముందే రాసి ఉంటుంది. నేతగాడు కాలితో తొక్కగానే ఆ పోగులే లేస్తాయి. పువ్వు ఎలా రావాలో అతను ప్రతిసారీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. కానీ తొక్కేది మాత్రం అతనే.

ఆటలోనూ అంతే. మీట ఊరికే నొక్కితే వైద్యం ఎదుటివాడికి, షిఫ్ట్ పట్టుకుని నొక్కితే తనకి. యోధుడు ఎవరి మీద కత్తి ఎత్తాడో మాంత్రికుడి గురి కూడా వాడి మీదకే వెళ్లేలా ఒక్క వాక్యం. ఇలాంటివన్నీ 255 అక్షరాల లోపు రాసుకోవాలని వార్‌క్రాఫ్ట్ నియమం. అంతకంటే ముందే, 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్‌లో అయిదు వరసల మాక్రోలుండేవి. 2002 నాటి ఫైనల్ ఫాంటసీ 11లో ఆరు వరసలు. ఇంత చిన్న జాగాలోనే జనం ఎన్ని విన్యాసాలు చేశారో!

పాత్ర ఒకటే ఉన్నంతకాలం ఇదంతా హాయిగానే నడుస్తుంది. అయిదు పాత్రలయ్యాక మాక్రోల పెట్టె తెరిచి చూడండి. 'కొత్తది', 'కొత్తది 2', 'ఇదే అసలుది'... ఏది ఎవరిదో రాసినవాడికే తెలీదు. వంటింట్లో పేర్లు రాయని పోపు డబ్బాల్లా ఉంటాయి. ఆవాలనుకుని తీస్తే మెంతులు!

వార్‌క్రాఫ్ట్‌లో మాక్రోలకి రెండు పెట్టెలుంటాయి. ఒకటి పాత్రలన్నిటికీ ఉమ్మడి, రెండోది ఒక్కో పాత్రకి సొంతం. గుర్రం ఎక్కడం, అన్నం తినడం, యోధుడి గురిని అనుసరించడం లాంటివి ఎవరికైనా ఒకటే కాబట్టి ఉమ్మడి పెట్టెలోకి వెళ్లాలి. మంత్రాలు మాత్రం ఎవరివి వాళ్లకే. చాలామంది దీన్ని తిరగేసి, ప్రతి పాత్రకీ గుర్రం మాక్రో విడివిడిగా రాసుకుని చోటు చాల్లేదని వాపోతుంటారు. ఇంతకన్నా ముఖ్యమైనది మీటల సంగతి. ప్రాణం కాపాడే పని ఒక పాత్రకి 'ఎఫ్' మీట మీద పెడితే మిగతా నలుగురికీ అక్కడే ఉండాలి. శత్రువు మంత్రాన్ని మధ్యలో తెంచే మీట కూడా అంతే, పాత్ర మారినా చోటు మారకూడదు. రాక్షసుడు మీద పడినప్పుడు బుర్ర ఆలోచించదు, వేలు వెళ్తుంది. ఆ వేలికి అయిదు రకాల అలవాట్లు నేర్పితే అయిదుగురూ చస్తారు.

పాత్ర ఎదిగే కొద్దీ మాక్రో పాతబడుతుందన్న సంగతి మరో మెలిక. పాత వార్‌క్రాఫ్ట్‌లో ఒకే మంత్రానికి ఒకటో ర్యాంకు, రెండో ర్యాంకు అంటూ వరస ఉండేది. 2010లో వాటిని తీసేశారు. 2019 ఆగస్టులో పాత ఆటనే 'క్లాసిక్' పేరుతో మళ్లీ విడుదల చేసేసరికి ర్యాంకులూ తిరిగొచ్చాయి. మాక్రోలో 'అగ్నిగోళం, మూడో ర్యాంకు' అని రాసుకున్నవాడు నలభయ్యో మెట్టులోనూ ఆ చిన్న నిప్పురవ్వే విసురుతుంటాడు. తోడేలు చావదు. తప్పు తోడేలుదే అనుకుంటాడు! ర్యాంకు రాయకుండా మంత్రం పేరొక్కటే రాస్తే, నేర్చిన వాటిలో పెద్దదాన్ని ఆటే ఎంచుకుంటుంది.

ఒకదాని తర్వాత ఒకటిగా మంత్రాలు వేసే వరస మాక్రోదీ ఇలాంటి తంటాయే. నొక్కిన ప్రతిసారీ తర్వాతి మంత్రం పడుతుంది. మధ్యలో ఒకటి పడకపోతే? అక్కడే ఆగిపోతుంది, ముందుకు కదలదు. పెద్ద పాత్ర వరసని యథాతథంగా చిన్న పాత్రకి కాపీ చేసి, ఆ చిన్నది ఇంకా నేర్వని మంత్రం దగ్గర ఇరుక్కుపోయేవాళ్లు కోకొల్లలు.

ఇంతవరకూ సౌకర్యం. ఇక్కణ్నుంచి తగాదా మొదలవుతుంది.

మొదటి రెండేళ్లలో వార్‌క్రాఫ్ట్ ఆటగాళ్లు 'డీకర్సివ్' అనే చిన్న ప్రోగ్రామ్‌ని జోడించుకునేవారు. మీట నొక్కితే చాలు, గుంపులో శాపం తగిలింది ఎవరికో వెతికి, దానికి విరుగుడేదో అదే తేల్చి వేసేసేది. ఆడేవాడు సినిమా చూస్తూ నొక్కుతూ కూర్చున్నా పనైపోయేది. 2006 డిసెంబరులో వచ్చిన 2.0 మార్పుతో కంపెనీ దీనికి అడ్డుకట్ట వేసింది. పోరాటంలో ఎవరికి వేయాలి, ఏది వేయాలి అన్న నిర్ణయం ప్రోగ్రామ్ చేయకూడదు, మనిషే చేయాలి. అలాగే మాక్రోలో 'రెండు క్షణాలు ఆగి తర్వాతది చెయ్' అనే ఆజ్ఞ కూడా వార్‌క్రాఫ్ట్‌లో లేదు. అది లేకపోవడం మరిచిపోయి కాదు, కావాలనే!

ఎందుకింత పట్టుదల? అనంతపురం రైతుకి ఇది చప్పున అర్థమవుతుంది. రాత్రిపూట వంతుల వారీగా కరెంటు వచ్చే రోజుల్లో బోరు మోటారుకి ఆటో స్టార్టర్ బిగించేవారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరిగేది. అర్ధరాత్రి చీకట్లో పాముల మధ్య పొలానికి పోయే బాధ తప్పింది. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. అయితే బోరులో నీళ్లు అడుగంటినా అది తిరుగుతూనే ఉంటుంది, మోటారు కాలేదాకా. మడి నిండి నీళ్లు దారి మీదకి పారినా ఆపే మనిషి లేడు. పైగా కరెంటు వచ్చిన మరుక్షణం చుట్టుపక్కల మోటార్లన్నీ ఒక్కసారే లేచేసరికి ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎక్కడలేని భారం. తెలంగాణలో 24 గంటల కరెంటు ఇవ్వబోతూ 2017లో ప్రభుత్వం మొదట అడిగింది కూడా ఆటో స్టార్టర్లు తీసేయమనే.

స్టార్టర్ బటన్ నొక్కడం మాక్రో అయితే, ఆటో స్టార్టర్ 'బాట్'. మనిషి కుర్చీలో లేకున్నా పాత్ర వేటాడుతూనే ఉంటుంది. 2000ల దశకంలో మన దేశంలోనూ నడిచిన రాగ్నరాక్ ఆన్‌లైన్‌ని ఆ బాట్లు ఎంత పీడించాయో నాటి నెట్‌కేఫ్ కుర్రాళ్లకి గుర్తుండే ఉంటుంది. నిద్రపోతున్నవాడి పాత్ర పొద్దునకల్లా మెట్లు ఎక్కేసేది. గంటకింత అని డబ్బులు కట్టి ఆడుతున్నవాడికి చంపడానికి ఒక్క పురుగు మిగిలేది కాదు.

వార్‌క్రాఫ్ట్‌లో అలాంటి పేరుమోసిన బాట్ 'గ్లైడర్'. లక్షకు పైగా అమ్ముడైంది. బ్లిజార్డ్ కంపెనీ, గ్లైడర్ తయారీ సంస్థ ఎండీవై కోర్టుకెక్కాయి. 2008లో అరిజోనాలోని ఫెడరల్ కోర్టు బ్లిజార్డ్ పక్షాన నిలిచింది. 2009లో గ్లైడర్ మూతపడింది. 2010 డిసెంబరులో అప్పీలు కోర్టు కాస్త తూకంగా మాట్లాడింది. ఆట నియమాన్ని అతిక్రమించినంత మాత్రాన కాపీరైటు ఉల్లంఘన కాదంది. కానీ ఆటకి కాపలా కాసే ప్రోగ్రామ్ కళ్లుగప్పే సరుకు అమ్మడం చట్టవిరుద్ధమేనంది. కొనుక్కున్నవాళ్లలో దొరికిపోయినవాళ్ల ఖాతాలు పోయాయి. ఖాతా పోవడమంటే ఒక పాత్ర పోవడం కాదు. అయిదూ పోతాయి, వాటితోపాటు నెలల తరబడి పోగేసిన సొమ్మంతా.

ఈ రెంటికీ మధ్యలో మరో వర్గముంది. అయిదు ఖాతాలు, అయిదు కిటికీలు తెరిచి, ఒక మీట నొక్కితే అయిదుగురూ ఒకేసారి కత్తి ఎత్తేలా చేసేవాళ్లు. నొక్కేది మనిషే కదా అని ఏళ్ల తరబడి కంపెనీ చూసీచూడనట్టు వదిలేసింది. 2020 నవంబరులో మాత్రం, ఒక నొక్కుని చాలా కిటికీలకి పంచే సాఫ్ట్‌వేర్ వాడొద్దని తేల్చిచెప్పింది. అయిదు ఖాతాలుంటే తప్పు కాదు, ఒక్కో కిటికీకి విడిగా చేత్తో నొక్కుకోవాలి. అంతకుముందు దాకా సరేనన్నదాన్ని ఒక్కసారిగా నేరం చేశారని అలాంటివాళ్లు గొడవపెట్టారు. వాళ్ల కోపంలో న్యాయం లేకపోలేదు.

అసలు పెద్ద తప్పు ఆట తయారుచేసినవాళ్లదే అనాలి. ఒకే దారిని అయిదుసార్లు నడిపిస్తే ఎవడికైనా విసుగే. ఫైనల్ ఫాంటసీ 14లో ఆ తంటా లేదు. ఒకే పాత్ర కత్తి మార్చి కర్ర పడితే వైద్యుడు, కర్ర వదిలి విల్లు పడితే విలుకాడు. అన్ని విద్యలూ ఒకరికే. అందులో మాక్రోకి 15 వరసలు, ఆగమనే ఆజ్ఞ కూడా ఉంది. వస్తువులు తయారుచేసే చోట ఒక మీట నొక్కి కాసేపు చూస్తూ కూర్చోవచ్చు. ఇక 2016లో కొరియాలో వచ్చిన లినియేజ్ 2 రెవల్యూషన్ లాంటి ఫోను ఆటల్లోనైతే 'ఆటో' బటన్ కంపెనీయే పెట్టిచ్చింది. ఫోను పక్కన పడేస్తే పాత్ర తనంతట తానే కొట్టుకుంటూ పోతుంది. కంప్యూటర్‌లో నేరమైనది ఫోనులో సదుపాయమైంది!

కాబట్టి ఏ ఆటకి ఆ ఆట నియమాలు చదువుకోవాల్సిందే. ముఖ్యంగా మౌసు, కీబోర్డు కంపెనీలిచ్చే సాఫ్ట్‌వేర్‌తో జాగ్రత్త. వ్యవధులతో సహా మీటల వరసని రికార్డు చేసి, ఆపేదాకా తిప్పే ఏర్పాటు వాటిలో చాలావాటికి ఉంటుంది. ఆట లోపలి మాక్రోకి ఉన్న హద్దు వాటికి లేదు. 'బజార్లో అమ్ముతున్నారుగా' అన్నది ఖాతా పోయాక పనికొచ్చే సమాధానం కాదు.

ఇంకొక్క చిన్న పని. మాక్రోలన్నిటినీ ఓ నోట్‌ప్యాడ్‌లో, ఏ పాత్రది ఏదో పేరుతో సహా కాపీ చేసి పెట్టుకోవాలి. కంప్యూటర్ మారినా, అయిదుగురికి తోడు ఆరోవాణ్ని మొదలుపెట్టినా మళ్లీ మొదట్నుంచీ రాసుకోనక్కర్లేదు.