చెక్క విమానం, రెండు వారాల ఎస్టిమేటు

మొన్నామధ్య మా ఇంటికి భోజనానికొచ్చిన మిత్రుడొకాయన గరాజ్‌లో బల్ల మీదున్న విమానం అస్థిపంజరాన్ని చూసి, "ఎందుకండీ ఈ తలనొప్పి? రెడీమేడ్‌వి దొరుకుతున్నాయిగా. పెట్టెలోంచి తీసి, బ్యాటరీ పెట్టి ఎగరేసుకోవడమే" అన్నారు. అప్పుడు సరైన జవాబు తట్టలేదు. కన్సల్టెంటుని కదా, మీటింగ్ అయిపోయాకే మంచి జవాబులు తడతాయి.

ముందు ఆయన మాటలో నిజం ఒప్పుకోవాలి. ఎగరేయడం నేర్చుకోడానికి ఫోమ్ విమానమే మేలు. అంతకంటే ముందు కంప్యూటర్లో సిమ్యులేటర్ మీద నాలుగు రోజులు కూలగొట్టుకోవడం ఇంకా మేలు. డబ్బు లెక్క చూసినా కిట్, మోటారు, సర్వోలు, రేడియో, పైన అతికించే ఫిల్ము అన్నీ కలిపి మాకు రెడీమేడ్ కంటే ఎక్కువే అయింది.

మరి కిట్ ఎందుకంటారా? కిట్ పెట్టెలో విమానం ఉండదు. బాల్సా చెక్క ముక్కలూ, ఓ పెద్ద ప్లాను కాగితమూ ఉంటాయి. బాల్సా ఎక్కువగా ఈక్వడార్ నుంచి వస్తుంది. మన టేకుతో పోలిస్తే సుమారు నాలుగో వంతు బరువే. ప్లాను బల్ల మీద పరిచి, జిగురు అంటకుండా పైన మైనపు కాగితం వేసి, గుండుసూదుల ఆసరాతో ఒక్కో రిబ్బునీ నిలబెట్టి రెక్క కట్టాలి. పదమూడేళ్ళ మావాడూ నేనూ శని, ఆదివారాలు కూర్చుంటే మూడు నెలలు పట్టింది.

రెక్క పూర్తయ్యాక బల్ల మీద పెడితే ఒక మూల వేలెడెత్తు లేచింది. మెలిక పడింది. ఆ రాత్రి అందరూ పడుకున్నాక వెళ్ళి సరిచేద్దామని బ్లేడు తీశాను. మా ఆవిడ చూసి, "అది వాడు కట్టిన రెక్క. మీ ఆఫీసు ప్రాజెక్టు కాదు" అంది. నోరు మూసుకుని పడుకున్నాను.

మెలిక పడితే ఒక రెక్క గాలిని ఎక్కువ కోణంలో కోస్తుంది. అటువైపు ఎక్కువ పైకి లేచి, విమానం రెండోవైపుకి ఒరుగుతుంది. పొద్దున్నే వాడికి ఇంతే చెప్పాను. ఫిల్ము అతికించాక వాడు రెక్కని ఎదురు దిశలో మెలిపెట్టి పట్టుకున్నాడు, నేను హీట్ గన్‌తో వేడి చేశాను. చల్లారాక రెక్క బల్లకి సరిగ్గా ఆనింది. వాడి మొహం చూడాలి!

ఇక మొదటి రోజు ఎగరేసింది నేనే, కూల్చిందీ నేనే. విమానం మనవైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి. కంగారులో స్టిక్కు అటుకి బదులు ఇటు తోశాను. వాడు ఏడుస్తాడనుకున్నాను. వాడు ముక్కలన్నీ ఏరుకొచ్చి గడ్డిమీద పేర్చి, "మూడు రిబ్బులు, ఒక స్పార్ పోయాయి. మిగతాది బానే ఉంది. రెండు వారాలు పడుతుంది నాన్నా" అన్నాడు. సరిగ్గా రెండు వారాలే పట్టింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను ఒక్కసారీ అంత కచ్చితమైన ఎస్టిమేటు ఇచ్చిన పాపాన పోలేదు.

మాది కొండపల్లికి దగ్గరి ఊరు. అక్కడ తెల్ల పొణికి కర్రతో బొమ్మ భాగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. అంబారీ ఏనుగు తొండం ఊడితే మాకు చెత్తబుట్టే గుర్తొచ్చేది. చేసినవాడికి మాత్రం అతుకు ఎక్కడుందో తెలుసు.

నా జవాబు అదే. కొన్నది విరిగితే ఇంకోటి కొంటాం. కట్టినది విరిగితే ఎక్కడ అతకాలో తెలుస్తుంది. ఇక్కడ పుట్టిన మన పిల్లలకి కొనిపెట్టేవాటికి లోటు లేదు. విరిగినదాని ముందు కంగారు పడకుండా కూర్చోవడం మాత్రం ఏ కొట్లోనూ దొరకదు.

మీరూ మొదలుపెట్టేట్టయితే రెండు మాటలు. అమెరికాలో 250 గ్రాములు, ఆపైన బరువున్న విమానాన్ని బయట ఎగరేయాలంటే ఎఫ్.ఎ.ఎ. దగ్గర రిజిస్టరు చేసుకోవాలి. ఇక బ్లేడు వాడేటప్పుడు పిల్లల పక్కనే కూర్చోండి. వాళ్ళ చేతిలోంచి లాక్కోకండి.

మిత్రమా, వచ్చే శనివారం మళ్ళీ భోజనానికి రండి. ఈసారి ఎగరేసేది మావాడు, అతుకు పని నాది.