ఒక్క గాడిలో ఆరు పాటలు

పిల్లలూ! గ్రామఫోను రికార్డుకు ఒక వైపున ఎన్ని గాడులుంటాయో చెప్పగలరా? చూడటానికి వందలున్నట్టు కనిపిస్తాయి. నిజానికి ఉండేది ఒక్కటే! అది జిలేబీ చుట్టలాగా అంచు నుంచి లోపలికి చుట్టుకుంటూ పోతుంది.

1965లో అమెరికాలో ‘ది బర్డ్స్’ అనే బృందం ‘మిస్టర్ టాంబరీన్ మాన్’ అనే రికార్డు విడుదల చేసింది. దానిలో 12 పాటలు, ఒక్కొక్క వైపున ఆరేసి. బాబ్ డిలన్ వంటివారు జానపద ఫక్కీలో కట్టిన పాటలకు వీరు విద్యుత్ గిటారూ, డ్రమ్ములూ జోడించారు. ఈ కొత్త తరహాకు ‘ఫోక్ రాక్’ అని పేరు వచ్చింది. ఫోక్ అంటే జానపదమన్న మాట. వారిలో మెగ్విన్ వాయించిన గిటారుకు 12 తీగలు, రెండేసి తీగలు ఒక జత. జతగా మీటటం వల్ల చిరుగంటలు మోగినట్టుంటుంది.

ఆ మోతంతా గాడి గోడల మీద సన్నని వంకరలుగా అచ్చయి ఉంటుంది. ముల్లు ఆ వంకరలను తడుముతూ అదురుతుంది. ఆ అదురు విద్యుత్తుగా మారి, స్పీకరులో తిరిగి పాట అవుతుంది. హెచ్చు స్వరాలకు వంకరలు మరీ దగ్గర దగ్గరగా ఉంటాయి. అరిగిపోయిన ముల్లు ముందుగా పాడుచేసేది వాటినే.

ఇలాంటి పాత రికార్డులు ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. తెలిసినవాడు కొనబోయే ముందు రికార్డును వెలుతురులో ఏటవాలుగా పట్టి చూస్తాడు. ఎందుకంటే, గాడికి అడ్డంగా గీత పడితే ముల్లు దాన్ని దాటినప్పుడల్లా ‘టిక్కు’మంటుంది. రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది గనక, ఒక చుట్టుకు 1.8 సెకండ్లు పడుతుంది. 18 సెకండ్లలో సరిగా పదిసార్లు, ఒకే వరసలో టిక్కుమంటే అది గీతే! దుమ్మయితే ఆ వరస ఉండదు, శుభ్రం చేస్తే పోతుంది. గీత పోదు. అది లోతుగా ఉంటే ముల్లు వెనక చుట్టులోకి జారి, పాడిన ముక్కే మళ్ళీ మళ్ళీ పాడుతుంది.

అంచేత పాత రికార్డులో రెండు కథలు వినవచ్చు. ఒకటి పాడినవారిది, రెండోది వాడినవారిది.

మీ తాతగారి అలమరలో ఘంటసాల రికార్డు ఉన్నదా? అయితే దాన్ని అంచులు పట్టుకుని తియ్యండి. వేలి జిడ్డు తగిలితే దుమ్ము పట్టుకుంటుంది. ఎండలో పెడితే రికార్డు వంకరపోతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చక, నిలబెట్టి దాచండి.

ఇక ఒక లెక్క. 33⅓ చుట్ల రికార్డు ఒక వైపు 15 నిమిషాలు మోగితే 500 చుట్లు. చుట్టు సగటున 2 అడుగులనుకుంటే, ఆ ఒక్క గాడి పొడవు వెయ్యి అడుగులు! అంత పొడవునా ఏ అంగుళంలో గీత పడినా, ఆ రికార్డులో ఆ చోటి పాట తిరిగి బాగుపడదు.