సలహా రైతుకు, నీరు ఎవరికి?

"రైతు తెలియక నీరు వృథా చేస్తున్నాడు, అతనికి నేర్పితే చాలు" అని నగరంలో సభలు పెట్టి చెప్పే పెద్దలు చాలామంది వున్నారు. యీ మాటలో సగం అజ్ఞానం, సగం తప్పించుకునే తెలివి. నీటి కరువును రైతు బుద్ధిలోపంగా చూపితే, ఆ నీటికి యజమాని యెవరన్న ప్రశ్న యెవరూ అడగరు గదా!

రైతుకు తెలియదన్న వాదాన్ని రైతులే పూర్వపక్షం చేశారు. 2003 తర్వాత కొన్నేళ్ళపాటు, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో, 600కు పైగా పల్లెల్లో, స్వచ్ఛంద సంస్థలు ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఒక పని చేశాయి. వానను కొలిచే పాత్రనూ, బావిలో నీటిమట్టం చూసే పరికరాన్నీ రైతుల చేతికిచ్చాయి. ఆడా మగా కలిసి కొలిచి, లెక్కను వూరి బోర్డుమీద రాశారు. రబీకి ముందు కూర్చుని, భూమిలో యెంత నీరుంది, వేయదలచిన పైర్లకు యెంత కావాలి అని బేరీజు వేశారు. వరి వేయరాదని యెవరూ శాసించలేదు. అయినా అనేకులు వరి తగ్గించి తక్కువ నీటి పైర్లకు మళ్ళారు. సలహా అంటే ఇదీ!

అయితే అక్కడితో ఆగితే మనమూ ఆ పెద్దల సరసన చేరినట్లే. బోరు లేని రైతు ఆ లెక్కతో యేం చేసుకుంటాడు? భూమికింద నీటిని తోడుకోవటం భూమి యజమాని హక్కని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం చెప్పింది. తెల్లదొర పోయాడు, చట్టం మిగిలింది. డబ్బున్నవాడి లోతు బోరు పక్కవాడి బావిని యెండగడుతుంది. పక్కవాడు అప్పుచేసి ఇంకా లోతుకు పోతాడు. నీరు పడకపోతే అప్పు మాత్రం మిగులుతుంది. 2004లో వచ్చిన ఉచిత విద్యుత్తు రైతుకు న్యాయమే. కాని మోటారే లేనివాడికి అది యేమిచ్చింది?

కొందరు పాతకాలపు చెరువునూ, నీరటినీ తలచి నిట్టూరుస్తారు. నీరటి తూము తెరిచి వంతులు పంచినమాట నిజం. దొర పొలం తడిసిన తర్వాతే చిన్నరైతు మడికి వంతు వచ్చిన వూళ్ళు తెలంగాణలో తక్కువా? మనకు కావలసింది ఆ వంతు. ఆ దొర కాదు.

సికిందరాబాదు తార్నాక కేంద్రంగా పనిచేసిన సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ యీ దిక్కున ఒక అడుగు వేసింది. దాని తోడ్పాటుతో అనంతపురం జిల్లా మాదిరెపల్లి రైతులు కొత్త బోర్లు వేయరాదని, వున్న బోర్ల నీటిని బోరులేని పొరుగువారితో పంచుకోవాలని కట్టుబాటు చేసుకున్నారు. ఇక్కడ సలహా ఆస్తి జోలికి పోయింది. దాని విలువ అందులోనే వుంది.

కాని కట్టుబాటు మంచితనం మీద నిలుస్తుంది. పథకం డబ్బు అయిపోతే కార్యకర్త వెళ్ళిపోతాడు. 2002లో వచ్చిన వాల్టా చట్టం బావుల నమోదు, కొత్త బోరుకు అనుమతి అన్నది. బోరు లేనివాడికి నీటిలో వాటా మాత్రం ఇవ్వలేదు. స్వచ్ఛంద సంస్థలు చేసింది ఘనకార్యమే. దానిని చూపి ప్రభుత్వం చేతులు దులుపుకోవటమే దుర్మార్గం.

విద్యార్థులు, ఉపాధ్యాయులు సెలవుల్లో పల్లెకు పోయినప్పుడు ఉపన్యాసాలివ్వనక్కరలేదు. రైతులతో కలిసి నీటిమట్టం కొలవండి. ఆ అంకె పక్కన బోరు యెవరిది, భూమి యెవరిది, అప్పు యెవరిది అని కూడా రాయండి. ఆ లెక్క వూరి సభలో చదవండి. భూమికింది నీరు వూరందరిదని చట్టం చేసితీరాలని అడిగే గొంతు అక్కడినుంచే లేవాలి.