ఆదివారము చాలునా?

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున వర్క్‌షాపు పనులకై ఖరగ్‌పూర్ చేరి స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము. వారిలో క్రైస్తవులును కలరు. ఆ ఇండ్లలోని పిల్లలు చాలమందికి నేడు తెలుగు చెవికి తెలియును గాని కంటికి తెలియదు. తాతగారి బైబిలు అలమరలో భద్రముగా ఉండును. తెరచి చదువువారే లేరు. తెలుగు క్రొత్త నిబంధన 1818లో అచ్చయినది ఆ బెంగాలులోని శ్రీరాంపూరునందే గదా!

దీనికి సంఘమును నిందించుట తేలిక. వారమునకు 168 గంటలు. సండేస్కూలుకు దక్కునది ఒక్క గంట. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయము ఈ ఉపదేశమును అప్పగించినది తల్లిదండ్రులకే: ఇంటను, దారిలోను, పడుకొను వేళను, లేచు వేళను.

రాత్రి డ్యూటీల వలన కుటుంబ ప్రార్థన సాగదని కొందరందురు. డ్యూటీ మారినచో భోజనపు వేళ మారును గాని భోజనము మానరు.

తిమోతి పెరిగిన లుస్త్రయు పలు భాషల పట్టణమే. తండ్రి గ్రీసు దేశస్థుడు. అయినను అవ్వ లోయి, తల్లి యునీకే ఆ బాలునికి విశ్వాసమును అందించిరి. తండ్రి పనికి పోయిన రాత్రి ఖరగ్‌పూరులోను తల్లియో, నాయనమ్మయో ప్రార్థన నడపవచ్చును.

పిల్లవాడే వ్రేలు పెట్టి, కూడబలుకుకొని, దినమునకు ఒక వచనము చదువవలెను. తప్పు చదివినచో నవ్వరాదు. తెలుగు అక్షరములు వచ్చువరకు, వచ్చిన హిందీలోనో బెంగాలీలోనో చదువనిండు; లిపి కొరకు విశ్వాసమును ఆపనేల? ఆరంభమునకు మార్కు సువార్త మేలు. నాలుగింటిలో అదియే చిన్నది.