చంటిబిడ్డ ఉలికిపాటు: ఏది మామూలు? ఏది ప్రమాదం?

ప్రశ్న: మా పాపకు అయిదు నెలలు నిండాయి. మొదటి కాన్పు. పది రోజులుగా నిద్ర లేవగానే తల ముందుకు వాల్చి, రెండు చేతులూ చాపి, మోకాళ్ళు పైకి ముడుస్తోంది. ఒక్క క్షణమే. వెంటనే మామూలుగా అయిపోతుంది. పది అంకెలు లెక్కపెట్టేలోగా మళ్ళీ అదే. ఇలా పది పదిహేనుసార్లు వచ్చి, చివర కెవ్వున ఏడుస్తుంది. మా అత్తగారు ఉలికిపాటేనని, దిష్టి తగిలిందని తాయెత్తు కట్టించారు. మా వీధి డాక్టరుగారు కడుపునొప్పి అని చుక్కల మందు ఇచ్చారు. వచ్చే నెల అన్నప్రాశన. బంధువులందరికీ చెప్పుకున్నాం. అది కాగానే పెద్ద డాక్టరుకు చూపిద్దామంటున్నారు మావారు. ఆగవచ్చునా? ఇంకొక మాట. నెల కిందట పలకరిస్తే పాప బోసినోటితో నవ్వేది. ఇప్పుడు నవ్వడం లేదు.
— ఒక సోదరి, తాడేపల్లిగూడెం

జవాబు: అమ్మా, ఆగవద్దు. అన్నప్రాశన దాకా కాదు, ఆదివారం దాకా కూడా ఆగవద్దు. ఈ జవాబు పత్రికలో వచ్చేవరకు మీరు ఎదురుచూడవలసిన విషయం కాదు కనుక, మీ ఉత్తరం అందిన రోజే మీకు ఫోనులో చెప్పాము. ఇక్కడ మళ్ళీ రాయడం మీలాంటి ఇతర తల్లుల కోసం. మీ ఉత్తరంలో అన్నిటికంటె ముఖ్యమైన వాక్యం మీరు చివర "ఇంకొక మాట" అని రాసినదే. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందుగా తల్లులందరికీ ధైర్యం చెప్పవలసిన మాట ఒకటి వుంది. చంటిబిడ్డలు ఉలిక్కిపడతారు, వణుకుతారు, నిద్రలో కాళ్ళూ చేతులూ ఎగరేస్తారు. ఇందులో చాలా భాగం జబ్బు కాదు. బిడ్డ మెదడు, నరాలు ఇంకా పదును తేలుతున్న వయసు అది. అందువల్ల ప్రతి కదలికకూ బెంబేలెత్తనక్కర లేదు. మామూలువి ఎలా వుంటాయో తెలిస్తే, మామూలు కానిది ఇట్టే కనిపెట్టవచ్చు.

భయపడనక్కర లేనివి

తలుపు చప్పుడైనా, బిడ్డను పక్కమీద వేస్తున్నప్పుడు తల కాస్త వెనక్కి వాలినా రెండు చేతులూ బారచాపి, మళ్ళీ గుండెలమీదికి తెచ్చుకుంటుంది. ఇదే అసలైన ఉలికిపాటు. దీన్ని 1918లో వర్ణించిన వైద్యుని పేరుమీద 'మోరో' ప్రతిచర్య అంటారు. ఆరోగ్యంగా పుట్టిన ప్రతి బిడ్డకూ ఇది వుంటుంది. చప్పుడుకు ఒకసారి, కుదుపుకు ఒకసారి వస్తుంది. మూడో నెల దాటాక తగ్గుతూ ఆరో నెలకు పోతుంది.

కొందరు శిశువులకు పుట్టిన మొదటి రోజుల్లో గడ్డం, చేతులు సన్నగా వణుకుతాయి. మీ అరచేత్తో ఆ చేతిని మృదువుగా పట్టుకోండి. వణుకు ఆగిపోతే సాధారణంగా భయం లేదు. పట్టుకున్నా మీ చేతికింద టకటకమని కొట్టుకుంటూనే వుంటే అది ఫిట్సు కావచ్చు. బిడ్డ పాలు సరిగా తాగకుండా, మగతగా వుంటూ వణుకుతుంటే రక్తంలో చక్కెరగాని, కాల్షియంగాని తగ్గివుండవచ్చు. అటువంటప్పుడు అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి.

నిద్రలో మాత్రమే కాళ్ళూ చేతులూ టపటప కొట్టుకుని, లేపగానే ఆగిపోయే కదలికలు మరో రకం. ఇవి పుట్టిన మొదటి వారాల్లో మొదలై కొద్ది నెలల్లో వాటంతటవే పోతాయి. ఇలాంటప్పుడు బిడ్డను అదిమిపట్టకండి, కదలిక ఎక్కువవుతుంది. మెల్లగా నిద్ర లేపి చూడండి.

కొందరు పిల్లలు చన్నీళ్ళు పోసినట్టు ఒక్కసారి జలదరించి ఊరుకుంటారు. మరికొందరు పాలు తాగాక కక్కబోతూ నడుము వెనక్కి విరుచుకుంటారు. బిడ్డ తెలివిగా చూస్తూ, నవ్వుతూ, బరువు పెరుగుతూ వుంటే ఇవి డాక్టరుకు తీరికగా చూపించుకోవచ్చు.

భయపడవలసినది ఇదీ

ఇప్పుడు మీ పాప విషయానికి వస్తాను. 'ఇన్‌ఫాంటైల్ స్పాజమ్స్' అనే ఒక రకం మూర్ఛ చంటిబిడ్డలకు వస్తుంది. కొన్ని వేలమందిలో ఒకరికి వచ్చే జబ్బు ఇది. ఎక్కువగా మూడో నెలకూ ఏడాదికీ మధ్య మొదలవుతుంది.

మూర్ఛ అనగానే మనకు నురగ కక్కడం, కొట్టుకోవడం గుర్తుకొస్తాయి. ఇందులో అవేవీ వుండవు. తల, నడుము ముందుకు వంగుతాయి, చేతులు చాచుకుంటాయి, కాళ్ళు ముడుచుకుంటాయి. కొందరిలో ఒళ్ళు వెనక్కి విరుచుకుంటుంది. కొందరిలో ఉత్తినే తల వూగుతుంది, కళ్ళు పైకి తేలుతాయి. ఒక్కొక్కటి ఒకటి రెండు సెకన్లే. కాని కొద్ది సెకన్ల ఎడంతో ఒకదాని వెంట ఒకటి వరుసగా వస్తాయి. ఈ వరుసలు ఎక్కువగా నిద్ర లేచిన వెంటనే వస్తాయి.

చూడడానికి ఇంత చిన్నది గనుకనే దీన్ని ఉలికిపాటనీ, కడుపునొప్పి అనీ పొరబడతారు. తేడా ఇలా గుర్తుపెట్టుకోండి. ఉలికిపాటుకు చప్పుడు వంటి కారణం వుంటుంది, ఒకసారితో పోతుంది. స్పాజమ్స్‌కు కారణం అక్కరలేదు, వరుసగా వస్తాయి. కడుపునొప్పి బిడ్డ ఏడుస్తూనే మెలికలు తిరుగుతుంది. ఈ బిడ్డ కుదుపుకూ కుదుపుకూ మధ్య ఊరుకుంటుంది. అన్నిటికంటె సులువైన గుర్తు వయసు. ఉలికిపాటు తగ్గిపోవలసిన వయసులో కొత్తగా ఉలికిపాటు మొదలైతే, దాన్ని ఉలికిపాటు అనుకోకండి.

ఇక మీరు రాసిన నవ్వు సంగతి. ఈ జబ్బులో మెదడులోని విద్యుత్తు నిద్రలోనూ మెలకువలోనూ అస్తవ్యస్తంగా వుంటుంది. అందుచేత బిడ్డ అప్పటికి నేర్చుకున్నవి మరచిపోతుంది. తల్లి ముఖం చూడడం మానుతుంది, నవ్వు మానుతుంది, నిలిపిన మెడ వాల్చేస్తుంది. కుదుపులకంటె ఈ నష్టమే పెద్దది. ఒక్కరోజు ఆలస్యంతో ఏదో అయిపోతుందని మిమ్మల్ని హడలగొట్టడం నా ఉద్దేశం కాదు. కాని కుదుపులు మొదలయ్యాక చికిత్స మొదలుకావడానికి ఎన్ని వారాలు గడిస్తే, బిడ్డ ఎదుగుదలకు అంత చేటు. తొందరపడమనడం అందుకే.

ఒక తండ్రి రాసిన ఉత్తరం

ఈ జబ్బును మొదట లోకానికి చెప్పింది కూడా మీలాగే ఉత్తరం రాసిన ఒక తండ్రే. ఇంగ్లండులో టన్‌బ్రిడ్జ్ వూరి వైద్యుడు వెస్ట్ తన కొడుకుకు నాలుగో నెలలో తల వంచే కుదుపులు మొదలవడం గమనించాడు. తనకు తెలిసిన వైద్యమంతా చేశాడు, జలగలు కూడా పట్టించాడు. గుణం కనిపించలేదు. దారి చెప్పేవారెవరైనా వున్నారేమోనని 1841లో 'లాన్సెట్' వైద్యపత్రికకు ఉత్తరం రాశాడు. బిడ్డ సలాము చేస్తున్నట్టు వంగుతుంది గనుక 'సలాం' కుదుపులన్న పేరు అప్పటినుంచే వుంది. జబ్బుకు ఆయన పేరే నిలిచింది. ఆయనకు మందు దొరకలేదు. 1958లో ఏ.సి.టి.హెచ్. ఇంజక్షను ఇందులో పనిచేస్తుందని తేలింది. ఈనాడు మనకు మందులున్నాయి. వాటిని సమయానికి అందించడమే మన చేతిలో వున్న పని.

మీరు చేయవలసింది

నేను వైద్యవృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒక తల్లి ఇలాంటి బిడ్డనే నా దగ్గరకు తెచ్చింది. నేను చూసినంతసేపూ బిడ్డ హాయిగానే వుంది. కడుపునొప్పి అని మందు రాసి పంపాను. మూడు వారాల తర్వాత మళ్ళీ వచ్చినప్పుడు నా ఎదుటే ఆ కుదుపులు వచ్చాయి. ఆ మూడు వారాలు నేను పోగొట్టినవే. తల్లి చెప్పింది నమ్మివుంటే పోయేవి కావు.

ఇప్పుడు ప్రతి ఇంటా సెల్‌ఫోను వుంది. బిడ్డ నిద్ర లేచే వేళకు దుప్పటి తీసి, దీపం వేసి, ముఖమూ ఒళ్ళంతా కనబడేలా రెండు మూడు నిమిషాలు వీడియో తీయండి. మొదటి కుదుపునుంచి చివరిదాకా వుండాలి. ఏ వేళ వచ్చింది, ఎన్నిసార్లు వచ్చింది కాగితంమీద రాయండి. వీడియో కుదరకపోతే దానికోసం ఆగకండి. అదే రోజు, కాకుంటే మర్నాడు, పిల్లల డాక్టరుకు చూపించండి. "ఇవి స్పాజమ్స్ ఏమో, ఇ.ఇ.జి. తీయించాలా?" అని మొహమాటపడకుండా అడగండి. తల్లి అడిగితే డాక్టరుకు చిన్నతనం లేదు.

ఇ.ఇ.జి. అంటే భయం వద్దు. తలమీద జిగురుతో సన్నని తీగలు అంటించి మెదడులోని విద్యుత్తును కాగితంమీదకో, తెరమీదకో ఎక్కిస్తారు. బిడ్డకు కరెంటు పెట్టరు, నొప్పి వుండదు. ముందురోజు తలంటి, నూనె రాయకుండా తీసుకెళ్ళండి. పరీక్షలో బిడ్డ నిద్ర, మెలకువ రెండూ నమోదైతేనే నమ్మకం. మెలకువలో కాసేపు తీసింది బాగుందన్నంత మాత్రాన నిశ్చింత పడకూడదు. సరిగా ఇలాంటి కుదుపులే వుండి, ఏ హానీ లేని పిల్లలూ కొందరున్నారు. ఆ తేడా తేల్చేది కూడా ఈ పరీక్షే.

కారణం తెలుసుకోవడానికి మెదడు స్కాను, రక్తపరీక్షలు చేస్తారు. చర్మంమీద పుట్టుకతో వచ్చిన తెల్లని మచ్చలుంటే తప్పక చూపించండి, అవి ఒక కారణానికి ఆనవాలు. కాన్పు సమయంలో బిడ్డ ఏడవకపోవడం, మొదటి రోజుల్లో పాలు అందక చక్కెర పడిపోవడం మన దేశంలో తరచు కనిపించే కారణాలు. కొందరిలో ఏ కారణమూ దొరకదు. గ్రహణమూ, దిష్టీ, తల్లి తిన్న తిండీ కారణాలు కావు. టీకాలు వేసే వయసూ, ఈ జబ్బు వచ్చే వయసూ ఒకటే గనుక టీకామీద నేరం మోపుతారు. అది సరికాదు.

చికిత్సకు ఏ.సి.టి.హెచ్. ఇంజక్షన్లు, ఎక్కువ మోతాదులో ప్రెడ్నిసొలోన్, విగాబాట్రిన్ అనే మందులు వున్నాయి. ఏది ఎవరికన్నది నరాల డాక్టరు నిర్ణయించాలి. సాధారణంగా ఫిట్సుకు వాడే ఫినోబార్బిటోన్ దీనికి అంతగా పనిచేయదు. ప్రెడ్నిసొలోన్ ఖరీదైన మందు కాదు. అయితే దానితో రక్తపోటు పెరగవచ్చు, అంటురోగాలు సులువుగా పట్టవచ్చు. విగాబాట్రిన్‌తో చూపును కనిపెట్టి వుండాలి. మందు వాడుతున్నంతకాలం టీకాలు డాక్టరును అడిగే వేయించండి. మందును మీ అంతట మీరు ఆపవద్దు. కుదుపులు తగ్గడం చాలదు, పూర్తిగా ఆగాలి, ఇ.ఇ.జి. కూడా బాగుపడాలి. రెండు వారాల్లో ఆ గుణం కనిపించకపోతే మందు మార్చే సంగతి డాక్టరుతో మాట్లాడండి.

చేయకూడనివి

వాతలు పెట్టించకండి. పొగలు వేయకండి. ఫిట్సు వచ్చిన బిడ్డ నోట్లో నీళ్ళుగాని, పాలుగాని, చెంచాగాని పెట్టకండి. తాళంచెవులు, ఉల్లిపాయ వల్ల ఫిట్సు ఆగదు. బిడ్డను పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టండి. అయిదు నిమిషాలు దాటినా, బిడ్డ నీలం తిరిగినా, జ్వరం వున్నా, నెలలోపు పసిగుడ్డయినా ఏ వేళయినా సరే ఆస్పత్రికి పరుగెత్తండి, 108కి ఫోను చేయండి. తాయెత్తు సంగతి అడిగారా? అత్తగారి తృప్తికోసం అది వుంటే వుండనివ్వండి. బస్సెక్కడం మాత్రం మానవద్దు.

ఖర్చుకు వెనకాడేవారు పెద్ద ప్రభుత్వాస్పత్రుల పిల్లల వార్డులకు వెళ్ళవచ్చు. 2013లో మొదలైన జాతీయ బాలల ఆరోగ్య పథకం కింద పిల్లలకు వచ్చే ఫిట్సు కూడా చేరింది. జిల్లాలలో ఎదుగుదల చికిత్సాకేంద్రాలు ఆ పథకం కిందివే. మీ ఆశా కార్యకర్తను అడగండి.

చివరగా అమ్మా, అందరు పిల్లలూ ఒకేలా కోలుకుంటారని అబద్ధం చెప్పలేను. కారణాన్నిబట్టి వుంటుంది. కొందరికి ఎదుగుదల వెనకబడుతుంది, కొందరికి తర్వాత వేరే రకం ఫిట్సు వస్తాయి. కాని మీ పాప అయిదో నెల దాకా నవ్వింది, పలికింది, మెడ నిలిపింది. అలాంటి బిడ్డకు త్వరగా వైద్యం అందితే ఆశ ఎక్కువ. మీవారికి ఈ పేజీ చదివి వినిపించండి. అన్నప్రాశనకు ముహూర్తం మరొకటి దొరుకుతుంది. పాప మళ్ళీ నవ్విన రోజున మాకొక కార్డు ముక్క రాయండి.