జోస్యం చెప్పిందెవరు? రాసిందెవరు?

ఏప్రిల్ 13 రాత్రి, అంటే బాబాసాహెబ్ జయంతికి ముందురోజు, మా గూడెం రాత్రిబడిలో సిక్కుల చరిత్ర చెబుతున్నాం. అదే రోజు పంజాబులో వైశాఖి. 1699 వైశాఖి నాడు గురు గోవింద్ సింగ్ ఖాల్సాను నిలబెట్టినప్పుడు ముందుకొచ్చిన అయిదుగురిలో ఒకడు మన పక్కనే ఉన్న బీదరు మంగలి అని చెబితే అందరూ ముందుకు జరిగి కూర్చున్నారు. అక్కణ్ణుంచి ఇరవైనాలుగేళ్ళు వెనక్కెళ్ళి భాయి జైతా కథ ఎత్తుకున్నాం.

1675 నవంబరులో ఢిల్లీ చాందినీ చౌక్‌లో గురు తేగ్ బహదూర్ తల నరికించాడు ఔరంగజేబు. శవాన్ని ముట్టుకోడానికి పెద్దపెద్దోళ్ళంతా వణికిపోయారు. అప్పుడు ఆ తలను గుడ్డలో చుట్టుకుని ఆనంద్‌పూర్ దాకా మోసుకుపోయినవాడు జైతా. పాకీ పని చేసే చూహ్రా కులపువాడు. మొండేన్ని బండిలో దాచి తీసుకుపోయి, తన కొంపకు తానే నిప్పంటించి దహనం చేసినవాడు లక్ఖీ షా అనే వంజారా. మన లంబాడీల బంధువే అనుకోండి.

ఇంతలో డిగ్రీ చదివే కుర్రాడొకడు లేచాడు. "మాస్టారూ, ఆ గురువు చచ్చేముందు పడమటి సముద్రం మీంచి తెల్లోళ్ళొస్తారు, మొగలాయి రాజ్యం కూలుద్ది అని చెప్పాడంట గదా. అట్టాగే జరిగింది గదా!" అన్నాడు. వెనకనుంచి ఒక పెద్దమ్మ, "చెప్పడా మరి, బ్రహ్మంగారు చెప్పలా అన్నీ?" అంది. ఇక జోస్యాల మీద పడ్డారు. పది నిమిషాలు గడిచేసరికి తల మోసిన జైతాను అందరూ మరిచిపోయారు. తెల్లోళ్ళు, కాలజ్ఞానం, రాబోయే రాజ్యం ఇవే మాటలు. మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ కుర్రాడు అడిగిందానికి అక్కడ సరిగ్గా చెప్పలేకపోయాం. ఇక్కడ చెబుతున్నాం.

ముందు కథేమిటో చూద్దాం. ఖైదులో ఉన్న గురువు జైలు పై అంతస్తు మీదనుంచి పాదుషా జనానా వైపు చూస్తున్నాడని ఎవరో ఫిర్యాదు చేశారట. పాదుషా పిలిచి అడిగితే, నీ రాణుల్ని గాదు, పడమటి సముద్రాల మీంచి వచ్చి నీ పరదాలు చించేసే తెల్లోళ్ళ వైపు చూస్తున్నాను అన్నాడట గురువు. ఈ కథను ఇంగ్లీషులో ప్రపంచమంతా పాకించిన పుస్తకం 1909లో ఆరు సంపుటాలుగా వచ్చిన మెకాలిఫ్ గ్రంథం. మెకాలిఫ్ సిక్కులంటే ప్రాణం పెట్టినవాడే, అందులో సందేహం లేదు. కానీ పంజాబులో తెల్లదొరల సర్కారు కింద జడ్జీగా పనిచేసినవాడు కూడా. 1857లో ఢిల్లీ మీద పడిన సిక్కు సిపాయిలకు ఈ మాటే యుద్ధకేక అయిందని ఆయనే రాశాడు.

గురు తేగ్ బహదూర్ సొంత వాణి గురు గ్రంథ్ సాహిబ్‌లో ఉంది. ఈ లోకం నిలిచేది కాదనీ, భయపడొద్దు, భయపెట్టొద్దనీ చెప్పే వాణి అది. తెల్లోళ్ళ ఊసు అందులో ఎక్కడా లేదు. కొడుకు గోవింద్ సింగ్ పేరుతో ఉన్న 'బచిత్ర నాటక్'లో తండ్రి బలిదానం గురించి ఉంది. ఎందుకోసం ప్రాణమిచ్చాడో ఉంది. జోస్యం లేదు. కన్నతండ్రి చివరి మాట అంత గొప్పదైతే కొడుకు మరిచిపోతాడా?

ఇంకో సంగతి. 1675 నాటికి తెల్లోళ్ళు "రాబోయేవాళ్ళు" ఎట్టా అవుతారు? మన బందరులో 1605 నాటికే డచ్చివాళ్ళు దిగారు. 1611లో ఇంగ్లీషువాళ్ళు కొట్లు పెట్టారు. సూరత్‌లో, మద్రాసులో కోటలూ గోదాములూ కట్టుకుని కూర్చున్నారు. బందరు రేవులో మూటలు మోసిన మన కూలోడికి తెలిసిన సంగతిని గురువు నోట దివ్యవాణిగా పలికించారంటే, ఆ కథ అల్లినోడికి ఈ దేశపు పటం సరిగా తెలియదనుకోవాలి.

అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం సిక్కులదే. 1845-46లో ఒకసారి, 1848-49లో ఇంకోసారి సిక్కు సైన్యం ఇదే తెల్లోళ్ళతో ప్రాణాలకు తెగించి పోరాడింది. ఫిరోజ్‌షా, సోబ్రావ్, చిలియన్‌వాలా మైదానాల్లో వేలమంది చచ్చారు. టోపీవాళ్ళు మనకు తోడుగా వస్తారని గురువు చెప్పి ఉంటే, ఆ రెండు యుద్ధాల్లో ఒక్కడికీ ఆ మాట గుర్తు రాలేదా? ఎనిమిదేళ్ళు తిరిగాక 1857లో మాత్రం అందరికీ ఒక్కసారే ఎట్టా గుర్తొచ్చింది?

ఎట్టా అంటే, అప్పుడే దానితో అవసరం పడింది. కంపెనీ సిపాయిలు తిరగబడి ఢిల్లీ పట్టుకున్నారు. దాన్ని తిరిగి లాక్కోవాలంటే తెల్లోళ్ళకు పంజాబు మనుషులు కావాలి. నిన్నటిదాకా తమను చంపినవాళ్ళ కోసం చావడానికి సిక్కులకు ఒక కారణం కావాలి. గురువు తల తెగిన ఊరు మీద, టోపీవాళ్ళతో కలిసి పగ తీర్చుకుంటారన్న జోస్యం రెండు పక్షాలకూ సరిపోయింది. ఆ సెప్టెంబరులో హాడ్సన్ అనే అధికారి మొగలు రాజకుమారుల్ని కాల్చి చంపి శవాల్ని చాందినీ చౌక్ కొత్వాలీ దగ్గర పడేయించాడు. గురువు బలి అయిన చోటు దాని పక్కనే. ఇంకేం, జోస్యం నెరవేరిందన్నారు. ముసలి బహదూర్ షా అప్పటికే కంపెనీ ఇచ్చే పింఛను మీద బతికే రాజు. ఢిల్లీని ఇంగ్లీషువాళ్ళు 1803లోనే మరాఠాల నుంచి గెలుచుకున్నారు. కూలిపోయిన గోడను చూపించి, కూలుద్దని ఎప్పుడో చెప్పారంటే సరిపోద్దా!

ఆ ఢిల్లీకి ఎవరెవరు పోయారు? మాధోపూర్ దగ్గర కాలువ పనుల్లో మట్టి మోస్తున్న మజ్హబీలను కూడా తీసుకుపోయారు. మజ్హబీలంటే సిక్కు మతంలోకి వచ్చిన చూహ్రాలు, జైతా కులమే. పయనీర్లనే పేరుతో పటాలం కట్టి, కందకాలు తవ్వడానికీ, దారులు వెయ్యడానికీ పెట్టారు. తర్వాత సరిహద్దు యుద్ధాలన్నిటికీ వాళ్ళను తిప్పి, అవసరం తీరాక 1930ల మొదట్లో ఆ పటాలాలను ఎత్తేశారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక మళ్ళీ పిలిచారు. అదే సర్కారు 1900లో భూబదలాయింపు చట్టం తెచ్చి, సేద్యపు కులాలంటూ ఒక జాబితా రాసింది. అందులో దళితులు లేరు. అంటే తరాలుగా పొలంలో చాకిరీ చేసేవాడికి ఆ పొలం కొనుక్కునే హక్కు లేదు. జోస్యంలో వాళ్ళకు రాసిపెట్టింది చావొక్కటే, సెంటు భూమి కాదు.

ఇది ఒక్క తెల్లోళ్ళ పనే అనుకోవద్దు. అవసరం ఎవరిదైతే జోస్యం వాళ్ళదే. నానక్ జీవిత కథలను జనమ్‌సాఖీలంటారు. వాటిలో బాలా పేరున నడిచే సాఖీ ఒకటుంది. అందులో నానక్ పైలోకంలో ప్రహ్లాదుణ్ణి కలిస్తే, ఇంతకుముందు కబీరు వచ్చాడు, ఇప్పుడు నువ్వొచ్చావు, నూరేళ్ళకు ఇంకొకడు వస్తాడు, బటాలా వైపు జాట్ కులంలో పుడతాడు అని ప్రహ్లాదుడు చెబుతాడు. జోస్యంలో కులం కూడా రాసి ఉంది చూశారా! హండాల్ అనే జాట్ గురువు పేరున ఒక శాఖ లేచింది గనక, నేత కులపు కబీరు, ఖత్రీ నానక్ తర్వాత పెద్దపీట తమవాడికే అని ఆ శాఖ వాళ్ళు వెనక్కెళ్ళి రాయించుకున్న మాట అది. మేం కనిపెట్టింది కాదిది. కరమ్ సింగ్ అనే సిక్కు చరిత్రకారుడు 1910ల్లోనే ఆ సాఖీ నమ్మదగింది కాదని పుస్తకం రాశాడు. సొంత మతంలో ఉండి అడిగినవాడి ధైర్యం మెచ్చుకోవాల్సిందే.

గురు గోవింద్ సింగ్ చెప్పాడని నడిచే 'సౌ సాఖీ' అనే పుస్తకం సంగతి మరీ చిత్రం. చెయ్యి మారినప్పుడల్లా అందులో మాట మారింది. వడ్రంగి కులపు రామ్ సింగ్ వెనక నడిచిన కూకాలు, తెల్లోళ్ళ రాజ్యం పోయి తమ గురువు రాజ్యం వస్తుందని అందులో చదువుకున్నారు. 1872 జనవరిలో మలేర్‌కోట్లాలో వాళ్ళను అరవైమందికి పైగా ఫిరంగి మూతులకు కట్టి పేల్చేశారు. విచారణ లేదు, పాడు లేదు. రామ్ సింగ్‌ను రంగూన్‌కు పంపేశారు. మరుసటి ఏడే సర్కారుకు దగ్గరివాడైన భదౌర్ సర్దార్ అత్తర్ సింగ్ ఆ పుస్తకాన్ని ఇంగ్లీషులోకి దించాడు, దొరలు చదువుకోడానికి. 1880ల్లో లండన్‌లో ఉన్న రంజిత్ సింగ్ కొడుకు దలీప్ సింగ్‌కు బంధువులు అవే జోస్యాలు వినిపించారు. తానే ఆ రాబోయే రాజునని నమ్మి 1886లో బయల్దేరాడు. ఏడెన్‌లోనే ఆపేశారు. 1893లో పారిస్‌లో దిక్కులేకుండా పోయాడు. కూకాల త్యాగం ముందు మేం తలవంచుతాం. పంజాబు రైతుబిడ్డలు ఫిరంగి ముందు నిలబడ్డారంటే మాటలు కాదు. అయితే ఆ ధైర్యం వాళ్ళ సొంతం. పుస్తకం ఇచ్చిందల్లా దేవుడు ముందే గెలిపించేశాడన్న భ్రమ.

మరి నానక్ మాటేంటి, ఆయన బాబరు గురించి ముందే చెప్పలేదా అని అడుగుతారు. లాలో అనే మనిషిని పిలిచి చెప్పిన పదం ఒకటుంది. లాలో వడ్రంగి అని సంప్రదాయం. అందులో 78, 97 అనే రెండు అంకెలున్నాయి. విక్రమ శకం 1578 అంటే 1521, బాబరు సైద్‌పూర్‌ను తగలబెట్టిన కాలం. 1597 అంటే 1540, షేర్ షా దెబ్బకు హుమాయూన్ పారిపోయిన ఏడు. నానక్ కాలం చేసింది 1539లో. చూశారా జోస్యం అంటారు వ్యాఖ్యాతలు. ఆ అంకెలకు ఆ సంవత్సరాలను అతికించి చూపినవాళ్ళు అన్నీ జరిగిపోయాక పుట్టినవాళ్ళే. వాళ్ళు ఆ రెండు అంకెల దగ్గరే ఆగిపోయి, నానక్ బాబరు దండయాత్ర మీద చెప్పిన ఇంకో పదాన్ని దాటేస్తారు. దండు వస్తోందని విని పీర్లంతా తాయెత్తులు కట్టారు, మంత్రాలు వేశారు. అయినా ఊళ్ళు తగలబడ్డాయి. ఒక్క మొగలు సిపాయికీ కంటిచూపు పోలేదని నానకే ఎద్దేవా చేశాడు. తాయెత్తును వెక్కిరించినవాడి మెళ్ళోనే తాయెత్తు కట్టారు.

ఇక్కడ మన సంఘంలో ఒక మిత్రుడు మాతో గొడవ పడ్డాడు. "జైతా పేరు మాత్రం ఆ బచిత్ర నాటక్‌లో ఉందా? మీ కొలత దానికీ పెట్టండి" అన్నాడు. న్యాయమైన మాట. లేదు. జైతా కథ మనకు తర్వాతి రాతల్లోంచీ, జనం నోటినుంచీ వచ్చింది. రంగ్రేటాలు గురువు బిడ్డలేనని గోవింద్ సింగ్ జైతాను కౌగిలించుకున్నాడన్న మాటా అంతే. అందులో తర్వాత చేరినవి ఉంటాయి, ఉన్నచోట ఉన్నాయనే చెబుదాం. కానీ ఒక తేడా చూడండి. తల అక్కడినుంచి కదిలింది, ఎవడో ఒకడు మోశాడు. మోసింది పాకీవాడని ఒప్పుకోవడం వల్ల రాసుకునే పై కులాలవాళ్ళకు ఒరిగేదేం లేదు, ఉల్టా చిన్నతనం. అయినా చెరపలేకపోయారు. ఎవరికీ రాజ్యం తెచ్చిపెట్టని కథ, చెప్పుకునేవాడికి ఇబ్బందిగా ఉండే కథ, అట్టాంటిదాన్ని అంత తేలిగ్గా కొట్టెయ్యలేం.

బాబాసాహెబ్ కూడా ఈ పనే చేశాడు గదా. తాను తలకెత్తుకున్న బుద్ధుడి కథనే ప్రశ్నించాడు. ఇరవైతొమ్మిదేళ్ళ మనిషి అంతవరకూ ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూడకుండా ఉంటాడా అని అడిగి, ఇల్లు వదలడానికి ఆ నాలుగు దృశ్యాలే కారణమన్న కథను పక్కన పెట్టాడు. దాంతో బుద్ధుడు తగ్గిపోలేదు. 1936 ఏప్రిల్‌లో అమృత్‌సర్ సిక్కు మహాసభకు పోయి సిక్కు మతం గురించి గట్టిగా ఆలోచించినవాడు కూడా ఆయనే. ఆ మతంలోని సమానత్వాన్ని చూసి పోయాడు, జోస్యాల కోసం పోలేదు.

ఆ సమానత్వం కూడా ఊరికే దక్కలేదు. 1920 అక్టోబరు 12న కొత్తగా అమృతం పుచ్చుకున్న దళిత సిక్కులు కడా ప్రసాదం పట్టుకుని అమృత్‌సర్ దర్బార్ సాహిబ్‌లోకి నడిచారు. పూజారులు ముట్టుకోమన్నారు. జైతా చచ్చి రెండొందల ఏళ్ళు దాటినా, గురువు బిడ్డలన్న మాట ఆ గడప దాటలేదన్నమాట. వీళ్ళు కదల్లేదు. చివరికి గ్రంథం తెరిచి చదివితే వచ్చిన పదం వీళ్ళ పక్షానే ఉంది. పూజారులు ప్రసాదం తీసుకోక తప్పలేదు. అకాల్ తఖ్త్ పూజారులు పీఠం వదిలి పోయారు. శిరోమణి గురుద్వారా కమిటీ పుట్టింది ఆ మరుసటి నెలలోనే. ఇవాళ 2011 జనాభా లెక్కల ప్రకారం పంజాబులో ప్రతి వందమందిలో ముప్పైరెండు మంది దాకా దళితులు, దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఇంతమంది లేరు. అయినా ఎన్నో ఊళ్ళలో వాళ్ళ గురుద్వారా వేరు, శ్మశానం వేరు, భూమి జాట్లది.

పోయిన వారం రాత్రిబడిలో ఇదంతా చెప్పాం. ఆ కుర్రాడు కాసేపు మాట్లాడలేదు. "అయితే మాస్టారూ, బ్రహ్మంగారు చెప్పారని మావోళ్ళు అనేవి కూడా ఎప్పుడు అచ్చయ్యాయో చూడాలా?" అన్నాడు. చూడమన్నాం. పెద్దమ్మ మాత్రం అవేమీ పట్టించుకోలేదు. "ఆ తలకాయ మోసినోడు ఎన్నాళ్ళు నడిచాడయ్యా?" అని అడిగింది. గోడ మీద పటం దింపి ఢిల్లీ నుంచి ఆనంద్‌పూర్‌కు దారం పెట్టి కొలిచాం. మూడొందల కిలోమీటర్ల పైనే వచ్చింది. "రేత్రిళ్ళే నడిచుంటాడు, చలికాలం గదా," అని ఆమె కొంగు కప్పుకుంది.